ఫాస్మోఫోబియా: ఒన్ర్యో అనుకుంటే వేలిముద్రలు దొరికాయా? అది మిమిక్

ఫాస్మోఫోబియా ఆధారాలను బట్టి దెయ్యం రకాన్ని కనిపెట్టే గేమ్; ఒన్ర్యో, మిమిక్ అందులో రెండు రకాలు. ఒన్ర్యోకి ఉండే ఆర్బ్స్ (గాల్లో తేలే వెలుగు చుక్కలు), స్పిరిట్ బాక్స్ (దెయ్యం జవాబిచ్చే రేడియో), ఫ్రీజింగ్ (గది గడ్డకట్టేంత చల్లబడటం) వచ్చాక తలుపు మీద వేలిముద్రలు కూడా కనపడ్డాయంటే మీరు చూసినవేవీ తప్పు కాదు. మిమిక్‌కి మూడు ఆధారాలతో పాటు ఆర్బ్స్ ఎప్పుడూ అదనంగా కనిపిస్తాయి. ఆధారాలకు టిక్ పెట్టే జర్నల్‌లో మాత్రం ఆర్బ్స్ దాని ఆధారాల్లో ఉండవు. చిక్కంతా అక్కడే.

చాలామంది చేయని పని: ఆర్బ్స్ టిక్ తీసేయడం. దాన్ని ఉంచి మిగతావాటిని అనుమానిస్తారు, సరైన ఆధారాన్నే కొట్టేస్తారు.

1. ఆర్బ్స్ టిక్ తీయండి. స్పిరిట్ బాక్స్, ఫ్రీజింగ్, యూవీ (వేలిముద్రలు) మాత్రమే ఉంచండి. మిగిలేది మిమిక్ ఒక్కటే.
2. థర్మామీటర్ 0 డిగ్రీల కంటే కిందికి దిగిందా మళ్ళీ చూడండి. గది చల్లగా ఉంటే చాలదు.
3. స్పిరిట్ బాక్స్ జవాబివ్వకపోతే ఆ గదిలో లైటు ఆర్పి అడగండి. లైటు వెలుగుతుంటే అది పలకదు.
4. ముద్రలు కాసేపటికే మాయమవుతాయి. తలుపు కదిలిన చప్పుడు వినగానే యూవీ లైటు వేయండి, ఫొటో తీయండి.

కొవ్వొత్తి ఆరగానే దెయ్యం వేట మొదలైందని ఒన్ర్యోకి ఓటు వేయొద్దు. మిమిక్ కాసేపటికోసారి వేరే దెయ్యాన్ని అనుకరిస్తుంది, ఒన్ర్యోని కూడా. ప్రవర్తన కంటే ఆధారాల లెక్కే నమ్మండి.

నైట్‌మేర్ అనే కష్టమైన స్థాయిలో దెయ్యం అసలు ఆధారాలు రెండే ఇస్తుంది. అక్కడ ఆర్బ్స్‌తో కలిపి మూడు కనిపిస్తే మిమిక్ అని రాసేయొచ్చు.