ఎక్స్‌వీ6 కెర్నల్‌లో సిస్టమ్ కాల్ ట్రేసింగ్ కోడ్‌ను సింపుల్ చేయడం ఎలా?

ప్రశ్న: ఎక్స్‌వీ6లో (ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) సిస్టమ్ కాల్ ట్రేసింగ్ పెట్టాను, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏ పని అడిగినా అది స్క్రీన్ మీద కనిపించేలా చేశాను. ప్రతి సిస్టమ్ కాల్ ఫంక్షన్‌లోనూ మొదట్లో ఒక ప్రింట్, చివర్లో ఒక ప్రింట్ రాశాను. పనిచేస్తోంది, కానీ కోడ్ చూస్తే నాకే చిరాగ్గా ఉంది. దీన్ని ఎలా తగ్గించాలి?

జవాబు:

నేనూ మొదట అచ్చం ఇలాగే రాశాను. ఎం.టెక్ చదివేటప్పుడు ఎంఐటీ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లు సొంతంగా చేసుకునేవాణ్ణి. వాటిలో ట్రేస్ అనే ల్యాబ్ ఒకటి. మొత్తం 21 సిస్టమ్ కాల్స్, ఒక్కోదానికి రెండు మూడు ప్రింట్లు. ఫైలు తెరిచే ఓపెన్‌లో ఇంకా ఎక్కువ. ఎందుకంటే అందులో తప్పు తగిలిన ప్రతిచోటా మధ్యలోంచే -1 ఇచ్చి తిరిగొచ్చేస్తుంది. ఆ దారులన్నిటిలోనూ ప్రింట్ పెట్టాలి. నేను రెండు చోట్ల మర్చిపోయాను. ఫైలు దొరకనప్పుడు ఓపెన్ లోపలికి వెళ్లినట్టు కనిపించేది, బయటికి వచ్చినట్టు కనిపించేది కాదు. ప్రాసెస్ అక్కడే ఇరుక్కుపోయిందనుకుని ఒక పూటంతా లాకుల కోడ్ చదివాను.

ఆ ప్రింట్లన్నీ చివరికి తీసేయాలి. యూజర్ ప్రోగ్రామ్ ఏ కాల్ చేసినా చివరికి సిస్‌కాల్ అనే ఒక్క ఫంక్షన్‌లోంచే వెళ్లాలి. అది ఏ7 రిజిస్టర్‌లోంచి నంబరు తీసుకుంటుంది, అర్రేలో ఆ నంబరు దగ్గరున్న ఫంక్షన్‌ని పిలుస్తుంది, వచ్చిన విలువను ట్రాప్‌ఫ్రేమ్‌లోని (యూజర్ రిజిస్టర్లను కెర్నల్ దాచుకునే చోటు) ఏ0లో పెడుతుంది. పెట్టిన వెంటనే మాస్క్‌లో (ఏ కాల్స్ ట్రేస్ చేయాలో కాల్‌కో బిట్ చొప్పున చెప్పే అంకె, ప్రతి ప్రాసెస్‌కీ ఒకటి) ఆ నంబరు బిట్ ఉందో లేదో చూసి ఒక్క లైను ప్రింట్ చేస్తే సరి. లోపల ఫంక్షన్ ఏ దారిన తిరిగొచ్చినా ఇక్కడికి రావలసిందే కాబట్టి ఏదీ తప్పిపోదు.

బిట్ చూసేది మాత్రం నంబరు సరైనదేనని తేలిన తర్వాతే. మాస్క్ 32 బిట్లదే. యూజర్ 37 అనే పిచ్చి నంబరు పంపితే, అన్ని బిట్లు షిఫ్ట్ చేయడానికి సీ భాషలో అర్థమే లేదు. ఎక్స్‌వీ6 నడిచే రిస్క్-వీ చిప్ మీద 32 బిట్ల షిఫ్ట్ కింది 5 బిట్లనే చూస్తుంది, అంటే 37 కాస్తా 5 అవుతుంది. 5 అంటే రీడ్. రీడ్‌ని ట్రేస్ చేస్తుంటే లేని కాల్‌కి కూడా లైను పడుతుంది.

ఇక్కడి వరకూ సులువే. ఆర్గ్యుమెంట్లు కూడా చూపించాలనుకుంటేనే అసలు చిక్కు మొదలవుతుంది, నాకు ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది ఇదే. ఒకే ప్రింట్‌లో అన్నీ ఇమిడిపోతాయి కదా అని కాల్ అయిపోయాక ఆర్గ్యుమెంట్లు తీసి చూపించాను. పదాలు వెతికే గ్రెప్‌తో రీడ్‌మీ ఫైలు చదివిస్తే రీడ్ మొదటి ఆర్గ్యుమెంట్ 1023 అని వచ్చింది. ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి కెర్నల్ ఇచ్చే నంబరు) 3 ఉండాల్సిన చోట 1023 ఏంటి? తర్వాతి లైన్లో 966. ఆ రెండు అంకెలూ చదివిన బైట్ల లెక్కలని అర్థమయ్యేసరికి తెల్లారింది. మొదటి ఆర్గ్యుమెంట్ వచ్చేదీ ఏ0లోనే, ఫలితం వెళ్లేదీ ఏ0లోనే. నేను చూసే టైముకి డిస్క్రిప్టర్ చెరిగిపోయి దాని మీద ఫలితం కూర్చుంది.

ప్రాసెస్‌లోకి కొత్త ప్రోగ్రామ్‌ని ఎక్కించే ఎగ్జెక్ అయితే మరీ ఘోరం. అది అయిపోయేసరికి పాత అడ్రస్ స్పేసే ఉండదు. ఫైలు పేరు ఉన్న పాయింటర్ పట్టుకుని వెళ్తే అక్కడ కొత్త ప్రోగ్రామ్ బైట్లు ఉంటాయి, లేకపోతే ఏమీ ఉండదు. అందుకే ఆర్గ్యుమెంట్లు కాల్‌కి ముందే పక్కన పెట్టుకోవాలి. పేర్లు, పాత్‌లు లాంటివైతే పాయింటర్ దాచితే చాలదు, అక్షరాలే కాపీ చేసుకోవాలి. ఇది నా ఒక్కడి ఇబ్బంది కాదు. లినక్స్‌లోనూ రిస్క్-వీ రిజిస్టర్ల స్ట్రక్చర్‌లో ఆరిజ్_ఏ0 అని వేరే ఫీల్డు ఉంటుంది, ఆర్మ్64లో ఆరిజ్_ఎక్స్0 ఉంటుంది. మొదటి ఆర్గ్యుమెంట్ చెరిగిపోకముందు దాచుకోవడానికే అవి ఉన్నాయి. కోడ్ తగ్గించే ఊపులో ఈ దాచుకునే లైనును మాత్రం తీసేయకండి.

పేర్ల కోసం మీరు రెండో అర్రే పెట్టి ఉంటారు. ఫంక్షన్లది ఒకటి, పేర్లది ఒకటి. వీలైతే రెండూ కలిపి ఒకే టేబుల్ చేయండి: ఫంక్షన్, పేరు, ఎన్ని ఆర్గ్యుమెంట్లు, ఏది అంకె, ఏది పాత్. ఎక్స్‌వీ6లో ఫంక్షన్ల అర్రేలో ఏ నంబరు దగ్గర ఏ ఫంక్షన్ అనేది పేరు పెట్టి రాస్తారు కదా, మీరూ ఆ పద్ధతే పాటించండి. నేను పేర్లు వరసగా రాసుకుంటూ పోయి ఒకటి వదిలేశాను. అక్కడి నుంచి కింద పేర్లన్నీ ఒక మెట్టు జరిగాయి, ఎస్‌బ్రేక్ పిలిస్తే స్లీప్ అని వచ్చేది.

ఇప్పుడు ప్రాసెస్‌కి నకలు పుట్టించే ఫోర్క్ దగ్గరికి వద్దాం. తల్లి ప్రాసెస్ మాస్క్ పిల్ల ప్రాసెస్‌కి రావాలి. నేను 'తల్లి మాస్క్ సున్నా కాకపోతే కాపీ చేయి' అని రాశాను. సున్నాని కాపీ చేయడం దండగ అనిపించింది. కాసేపటికి, ఎవరూ ట్రేస్ అడగని మామూలు ప్రోగ్రామ్ లైన్లకు లైన్లు ప్రింట్ చేయడం మొదలుపెట్టింది. ఎక్స్‌వీ6లో ప్రాసెస్ టేబుల్‌కి 64 స్లాట్లే. ట్రేస్ అయిన ప్రాసెస్ చచ్చిపోయాక దాని స్లాట్ ఇంకొకరికి వెళ్తుంది, పాత మాస్క్ అక్కడే ఉంటుంది. కొత్త తల్లి మాస్క్ సున్నా కాబట్టి నా షరతు కాపీని ఆపేసింది, ఆ పాతదే మిగిలింది. ఆ షరతు తీసేశాను, తప్పు పోయింది. కోడ్‌లో ఒక లైను తగ్గింది కూడా. అయినా ప్రాసెస్‌ని ఫ్రీ చేసేచోట మాస్క్‌ని సున్నా చేయండి. మిగతా ఫీల్డులన్నీ అక్కడే తుడుస్తారు, ఇది ఒక్కటే ఎందుకు మిగలాలి?

అవుట్‌పుట్ చూసి కంగారు పడకూడని సంగతులు మూడున్నాయి. ఎగ్జిట్‌కి లైనే పడదు, ఎందుకంటే అది వెనక్కి రాదు. కావాలంటే లోపలికి వెళ్లేటప్పుడే ప్రింట్ చేయాలి. గ్రెప్ హలో రీడ్‌మీ అని నడిపితే ఎగ్జెక్ ఫలితం 3 అని వస్తుంది. అది తప్పు కాదు, కొత్త ప్రోగ్రామ్ మెయిన్‌కి వెళ్లే ఆర్గ్యుమెంట్ల లెక్క ఏ0 ద్వారానే వెళ్తుంది. ఇక ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్‌ని అన్ని కాల్స్‌తో ట్రేస్ చేస్తే అక్షరానికో రైట్ కనిపిస్తుంది. ఎక్స్‌వీ6 యూజర్ ప్రింట్ఎఫ్ ఒక్కో అక్షరానికి ఒక్కో రైట్ పిలుస్తుంది. మీ కోడ్‌లో లూప్ ఉందేమోనని వెతక్కండి.

తర్వాత ఉద్యోగంలో ఒక బోర్డుకి పాత లినక్స్ కెర్నల్ చూసుకోవాల్సి వచ్చింది. పీట్రేస్ (డీబగ్గర్లు వాడేది), ఆడిట్ (లాగ్ రాసేది), సెక్‌కాంప్ (కాల్స్‌ని అడ్డుకునేది), ట్రేస్‌పాయింట్ (ట్రేసింగ్‌కి) నాలుగూ సిస్టమ్ కాల్ మొదట్లోనే ఆగి చూడాలి. ఆ ఎంట్రీ కోడ్ ఆర్కిటెక్చర్‌కి ఒకటి, కొంత అసెంబ్లీలో, నాలుగింటి వరస కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. ఒకచోట సెక్‌కాంప్ ముందు, ఇంకోచోట పీట్రేస్ ముందు. 2020 అక్టోబరులో వచ్చిన 5.9 వెర్షన్‌లో కెర్నల్ డెవలపర్ థామస్ గ్లైక్స్‌నర్ ఈ పనిని అందరికీ పనికొచ్చే ఒకే సీ ఫైల్లోకి తెచ్చారు. ఎక్స్86 ముందు దానికి మారింది. ఆ ఫైలు తీసి చదవండి. ఈ పనులకు సంబంధించిన బిట్లన్నీ ఒకే ఫీల్డులో ఉంటాయి. ఏదీ లేకపోతే ఒక్క పోలికతో దాటిపోతుంది, ఉంటేనే పక్కనున్న ఫంక్షన్‌లోకి వెళ్తుంది. మీ ట్రేస్ కోడ్‌నీ అలాగే వేరే ఫంక్షన్‌లో పెట్టండి. సిస్‌కాల్ ఫంక్షన్‌లో ఒక పోలిక, ఒక పిలుపు మాత్రమే కనిపించాలి.

పాత ప్రింట్లు ఒకేసారి తీసేయకండి. కొత్తది పెట్టి, రెండూ నడిపి, ఏ కాల్‌కి లైన్లు సరిపోలితే ఆ కాల్‌లోని ప్రింట్లే తీయండి. అన్నీ అయ్యాక ట్రేస్ 2 మాస్క్‌తో ఎక్స్‌వీ6తో వచ్చే యూజర్‌టెస్ట్స్ పరీక్షల్లోని ఫోర్క్‌ఫోర్క్‌ఫోర్క్ నడపండి. 2 అంటే ఒక్క ఫోర్క్ బిట్టే. రకరకాల ప్రాసెస్ నంబర్లతో ఫోర్క్ లైన్లు వరదలా వస్తాయి, స్లాట్లు అయిపోయినప్పుడు -1 పడుతుంది. ఆ వెంటనే మామూలుగా ఎల్ఎస్ కొట్టండి. ఒక్క ట్రేస్ లైను కూడా రాకూడదు. వస్తే మాస్క్ ఎక్కడో మిగిలిపోయింది. మీ ఫోర్క్ కోడ్, ఫ్రీ చేసే కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.