చిన్న సినిమాకు రాయితీ మార్కులు

లఘుచిత్రాల గురించి, స్వతంత్ర చిత్రాల గురించి ఓరుగల్లు, కరీంనగర్, ఇందూరు ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఈ శీర్షిక రాస్తున్న నేను సినిమా తీసినవాణ్ణి కాను. హనుమకొండలో ఉంటూ దొరికిన సినిమానల్లా చూసే ప్రేక్షకుణ్ణి. వీటిని ప్రేక్షకుని అభిప్రాయాలుగానే తీసుకోవాలని మనవి.

ప్రశ్న: మా కళాశాల మిత్రులు పదిహేను నిమిషాల లఘుచిత్రం తీశారు. నాకు నచ్చలేదని చెప్పాను. "జేబులో డబ్బులు పెట్టుకుని తీసిన పిల్లలను అలా అనవచ్చునా? పెద్ద సినిమాలను చూసినట్టు వీటిని చూడకూడదు" అని అందరూ నన్నే తప్పుపట్టారు. మీరేమంటారు?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

సమాధానం: మీ మిత్రులు డబ్బు పెట్టారు, మీరు సమయం పెట్టారు. చూసిన తరువాత అనిపించింది చెప్పే హక్కు మీకు ఉంది. పెద్ద సినిమాకు ఒక కొలత, చిన్న సినిమాకు మరొక కొలత ఉండాలన్న వాదనను నేను ఒప్పుకోను. పాపం చిన్న సినిమా కదా అని రాయితీ మార్కులు వేసినప్పుడు, తీసినవారు ఇంతకంటే బాగా తీయలేరని మనమే ముందుగా తీర్పు చెప్పినట్టవుతుంది.

అయితే డబ్బు లేక వచ్చిన లోపాన్నీ, శ్రద్ధ లేక వచ్చిన లోపాన్నీ ఒకే గాటన కట్టకూడదు. రాత్రి సన్నివేశంలో వెలుతురు చాలకపోవడం, పెళ్లి పందిట్లో పదిమందే కనిపించడం, పాతకాలపు కథలో గోడకు కొత్త రంగు ఉండటం వంటివాటిని నేను పట్టించుకోను. కానీ ఒక మనిషి తన గదిలోకి వచ్చాడని తెలియజేయడానికి అతను బండికి స్టాండు వేయడం, మెట్లెక్కడం, తాళం తీయడం, చెప్పులు విడవడం అన్నీ వరుసగా చూపించారంటే, దానికి డబ్బు కొరత కారణం కాదు. ఆ ముక్కను కత్తిరించడానికి పైసా ఖర్చు లేదు. చివరలో తెర మీద అక్షరాలతో సందేశం రాసే అలవాటు కూడా అటువంటిదే. అంతవరకూ చూపించినదాని మీద దర్శకునికే నమ్మకం కుదరలేదన్న సంగతి ఆ అక్షరాలు బయటపెడతాయి.

మన ప్రాంతపు లఘుచిత్రాల మీద నాకు ఇంకొక ఫిర్యాదు ఉంది. చాలావాటికి డ్రోన్ దృశ్యమే ఆరంభం: భద్రకాళి చెరువు, ఖిలా వరంగల్ తోరణాలు, లక్నవరం వేలాడే వంతెన. ఆ వెంటనే కథ ఒక అద్దె గదిలోకి వెళ్లిపోతుంది, తోరణాలు మళ్లీ కనిపించవు. (పైగా ఖిలా, వేయిస్తంభాల గుడి వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల వద్ద చిత్రీకరణకు ముందుగా అనుమతి తీసుకోవాలి, ఆ సంగతి చాలామందికి పట్టినట్టు లేదు.) కథానాయకుడు పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడైతే, కోచింగ్ తరగతి వదిలాక మెస్ ముందు టోకెన్ పట్టుకుని నిలబడ్డ వరుస ఒక్కటి చూపిస్తే ఊరూ తెలుస్తుంది, అతని పరిస్థితీ తెలుస్తుంది.

మీ మిత్రులకు ఈసారి చెప్పేటప్పుడు "నచ్చలేదు" అని ఆపకుండా, ఏ నిమిషంలో మీ దృష్టి తెర మీది నుంచి పక్కకు పోయిందో ఆ చోటు చూపించండి. కోపం వచ్చినా వారికి అది పనికివస్తుంది.

ప్రశ్న: ‘దాసి’ చూడమని మా బాపు ఎప్పుడూ చెబుతుంటాడు. కొంతసేపు చూసి ఆపేశాను. అందులో ఏమీ జరగదు. ఇటువంటి సినిమాలు అవార్డుల కోసమే తీస్తారా?
– పాఠకురాలు, జగిత్యాల

సమాధానం: అవార్డులు వచ్చిన మాట నిజమే. బి. నర్సింగరావు 1988లో తీసిన ఈ చిత్రానికి ఐదు జాతీయ పురస్కారాలు లభించాయి: ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, కళాదర్శకత్వానికి తోట వైకుంఠానికి, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్‌కు. వీరిలో చిత్రకారుడు వైకుంఠం మీకు దూరపువారేమీ కాదు, ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవారు. కానీ అవార్డుల జాబితా చూసి ఎవరూ సినిమాను ఇష్టపడరు, మీరూ ఇష్టపడనవసరం లేదు.

ఆ కథ ఎక్కడ జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. దొరల ఇంటి ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేటప్పుడు నగలతో, సామానుతో పాటు ఒక దాసీపిల్లను కూడా పంపే ఆచారం నిజాం కాలపు తెలంగాణలో ఉండేది. అలా గడీకి చేరిన కమలాక్షి జీవితమే ఈ చిత్రం. ఊడవడం, తోమడం, నీళ్లు మోయడం, పిలిచినప్పుడు వెళ్లడం, ఆ రాత్రి దొర దగ్గరికైనా సరే. గడీలో దాసికి మాట్లాడే హక్కు లేదు, కాదనే హక్కు అసలే లేదు. అటువంటి మనిషి చేత పేజీలకొద్దీ సంభాషణలు పలికిస్తే ప్రేక్షకుల చప్పట్లు వచ్చేవి కానీ గడీ అబద్ధమైపోయేది. ఆమె పనిని అంతసేపు చూపించడం వల్ల మనకు కలిగే విసుగు ఆమె దినచర్యలో ఒక చిన్న వాటా. గర్భం కూడా ఆమె చేతిలో ఉండదని తెలిసే చోటికి వచ్చేసరికి, అంతకుముందు చూసిన ఆ పనులన్నింటి బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. సినిమాను సగంలో ఆపేసినవారికి దక్కనిది ఇదే.

ఇది చదివి నిదానంగా తీసినదల్లా గొప్పదని అనుకోవద్దు. పన్నెండు నిమిషాల లఘుచిత్రంలో కథానాయకుడు రెండు నిమిషాల పాటు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంటే, ఆ రెండు నిమిషాలకూ అతని కథకూ సంబంధం లేకపోతే, అది కేవలం నిదానం. ఈసారి మీ బాపుతో కలిసి చూడండి. గడీల గురించి ఆయన విన్న సంగతులు సినిమా కంటే ఎక్కువసేపు చెబుతారని నా అనుమానం.

ప్రశ్న: ‘బలగం’ను కొందరు స్వతంత్ర చిత్రమంటున్నారు. ఏది స్వతంత్రమో, ఏది కాదో ఎలా తేల్చాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

సమాధానం: వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన ‘బలగం’ సిరిసిల్ల పల్లెలలో తయారైంది, చనిపోయిన పెద్దమనిషి పేర పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోవడం చుట్టూ కథ అల్లడం మామూలు వ్యాపార చిత్రాలు చేసే పని కాదు. అయినా దాని వెనుక ఉన్నది పేరు మోసిన నిర్మాత దిల్ రాజు సంస్థ. నిర్మాణాన్ని బట్టి చూస్తే అది స్వతంత్ర చిత్రం కాదు, మంచి చిత్రం. ఆ మాట చాలు, ఇంకో బిరుదు అవసరం లేదు.

2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’ సంగతి వేరు. విశాఖలోని ఆ పేటలో ఎక్కువగా ఆ చుట్టుపక్కలవారినే నటులుగా పెట్టి వెంకటేశ్ మహా దానిని పూర్తి చేసిన తరువాత, సురేష్ ప్రొడక్షన్స్ వంటి పెద్ద సంస్థ విడుదల బాధ్యత తీసుకుంది. 1980లో విడుదలైన ‘మా భూమి’ విషయంలోనూ, అప్పటికి ఒక్క కథాచిత్రం కూడా తీయని బెంగాలీ యువకుడు గౌతమ్ ఘోష్ చేతిలో తెలంగాణ రైతాంగ పోరాట కథను పెట్టే సాహసం పెద్ద స్టూడియోలు చేసేది కాదు. ముగింపు మార్చమని, పాట ఒకటి ఇరికించమని దర్శకునికి చెప్పగలిగేవారు ఎవరు, వారిని ఆయన కాదనగలరా అన్నదే నేను చూసే అంశం. తక్కువ ఖర్చుతో అగ్రహీరో సినిమాను అనుకరించినవాటిని నేను స్వతంత్ర చిత్రాల లెక్కలో వేయను. వాటిలో కాదనేవారు లేకపోయినా కొత్తగా చెప్పే మాటా లేదు.

కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ ఉన్న ఊరివారికి నేను ఈ సంగతులు చెప్పడం కొంచెం సాహసమే.

ప్రశ్న: తెలంగాణ యాస పెడితే చాలు, సినిమా సహజంగా ఉందని పొగుడుతున్నారు. మీకూ అలాగే అనిపిస్తుందా?
– సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

సమాధానం: అనిపించదు. మన మాటను చాలాకాలం విలన్లకు, హాస్యగాళ్లకు మాత్రమే ఇచ్చారు కనుక, అది కథానాయకుని నోట వినగానే సంతోషం కలగడం సహజమే. ఆ సంతోషం తీరిన తరువాత వినవలసింది ఎవరు ఎలా మాట్లాడుతున్నారన్నది. మందమర్రి గని కాలనీలో పెరిగినవారు, నర్సంపేట పల్లెలో పెరిగినవారు, మహారాష్ట్ర సరిహద్దున భైంసాలో పెరిగినవారు ఒకే తీరుగా మాట్లాడరు. ఒకే ఇంట్లో నాయనమ్మ మాట, ఇంగ్లీషు మీడియంలో చదివే మనుమరాలి మాట ఒకటి కావు. లఘుచిత్రాలలో మాత్రం అందరూ ఒకే గొంతుతో, సామెతల పుస్తకం ముందు పెట్టుకుని చదివినట్టు పలుకుతారు. కూర నిండా కారమే వేసి తెలంగాణ వంట అన్నట్టు ఉంటుంది ఆ పద్ధతి.

యాస కంటే ముందు మాట వినబడాలి. నేను చూసిన లఘుచిత్రాలలో ఎక్కువ భాగం బొమ్మ దగ్గర కాదు, శబ్దం దగ్గర ఓడిపోయాయి. ఫోన్ కెమెరాలు ఎంత బాగుపడినా, పది అడుగుల దూరంలో ఉన్న ఫోన్ మైకు నటుని మాట కంటే సీలింగ్ ఫ్యానునే బాగా వింటుంది. అద్దెకు దొరికే చిన్న కాలర్ మైకు పెట్టి, ఫ్యాను, ఫ్రిజ్ ఆపించి, ప్రతి చోటా అందరూ మౌనంగా ఉండగా అర నిమిషం పాటు ఆ గది శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకుంటే, ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య వచ్చే అతుకులు దాచడానికి అది ఉపయోగపడుతుంది. కాజీపేట జంక్షన్ పక్క ఇంట్లో సన్నివేశం పెట్టుకున్నప్పుడు రైలు కూత తప్పదు. ఆ కూత దాటేవరకు పాత్రలను ఆగనివ్వండి. ఆ ఇంట్లోవారు నిజంగా చేసేది అదే. దానికి బదులు సంభాషణ మీద వేణువు పరచి కప్పిపెడితే, రైలూ పోదు, మాటా దక్కదు.

ప్రశ్న: ఒక తెలంగాణ రచయిత కథను లఘుచిత్రంగా తీయాలనుకుంటున్నాను. లాభాపేక్ష లేకుండా యూట్యూబులో ఉచితంగా పెడతాను. అనుమతి అవసరమా?
– పాఠకురాలు, నిజామాబాద్

సమాధానం: అవసరమే. ఉచితంగా చూపించినంత మాత్రాన రచయిత హక్కు తొలగిపోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవించి ఉన్నంతకాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు రచన మీద హక్కు నిలుస్తుంది. ఆ 60 సంవత్సరాలను ఆయన మరణించిన మరుసటి ఏడాది ఆరంభం నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు 1979లో మరణించిన చలం కథలకు 2039 చివరి వరకు వారసుల అనుమతి కావాలి. మీ ఊరి జైలులో దాశరథితో పాటు శిక్ష అనుభవించిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో మరణించారు. ఆయన జీవించి ఉండగా వెలువడిన రచనల మీద హక్కు 2021తో ముగిసింది. ఆయన జైలు కథలు ఒకసారి చదివి చూడండి. నాలుగు గోడలు, ముగ్గురు నటులు చాలు, మీ ఖర్చు కూడా కలిసివస్తుంది. అనుమతి తీసుకునే పక్షంలో కాగితం మీద తీసుకోండి. ఫోనులో "సరేనమ్మా, చేసుకో" అన్నది రేపు ఏ పోటీకో పంపినప్పుడు పనికిరాదు.

ప్రశ్న: మా చిత్రం 38 నిమిషాలు వచ్చింది. లఘుచిత్రం అనిపించుకోవాలంటే ఎంత ఉండాలి?
– జనగామ యువకుడు

సమాధానం: ఆస్కార్ నిబంధనల ప్రకారం పేర్లతో కలిపి 40 నిమిషాలు మించకూడదు. ఆ లెక్కన మీరు గట్టెక్కారు. అయితే చాలా పోటీలు అంతకంటే తక్కువ నిడివి అడుగుతాయి, కనుక పంపే ముందు వారి నిబంధన చూడండి. నిడివి గురించి నన్ను అడిగితే, మీ కథను మీరు ఎదుటివారికి నోటితో చెప్పడానికి మూడు నిమిషాలే పడుతున్నప్పుడు, 38 నిమిషాలు ఎందుకయ్యాయో ఆలోచించమంటాను.

ప్రశ్న: మా ఊరి పిల్లలు తీసిన రెండు లఘుచిత్రాలను పెద్ద తెర మీద ఊరందరికీ చూపించాలనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?
– గ్రంథాలయ నిర్వాహకుడు, నర్సంపేట

సమాధానం: ముందుగా చట్టం సంగతి. బహిరంగంగా ప్రదర్శించే చిత్రానికి 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ బోర్డు ధ్రువపత్రం ఉండాలి. చిన్నదని మినహాయింపు లేదు. ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఇంటర్నెట్టులో పెట్టడానికి ఈ పత్రం అక్కరలేదు కనుక, పిల్లలు దాని గురించి విని ఉండకపోవచ్చు.

ఇక ఏర్పాట్లు. హనుమకొండలో 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద మందిరం మీద మనసు పోతుంది కానీ, యాభై అరవై మందికి మీ గ్రంథాలయపు హాలే సరిపోతుంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టండి. పెళ్లిళ్లకు వాడే పెద్ద సౌండు బాక్సులు వద్దు. వాటిలో దరువు దద్దరిల్లుతుంది, మాట మునిగిపోతుంది. ప్రదర్శన ముందు రోజునే అదే ప్రొజెక్టరు మీద, అదే పెన్‌డ్రైవ్‌తో మొదటి నుంచి చివరి వరకు వేసి చూసుకోండి. ఫోను తెర మీద కనిపించిన చీకటి సన్నివేశాలు గోడ మీద కనిపించకపోవచ్చు, సరిదిద్దడానికి ఒక రాత్రయినా ఉండాలి.

రెండు చిత్రాల మధ్య కాసేపు విరామం ఇచ్చి, చూసినవారిని మాట్లాడనివ్వండి. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు కాకుండా వెనుక నిలబడ్డ ఆడవారికి, పిల్లలకు మైకు ముందుగా అందేలా చూడండి. దర్శకులను వేదిక మీదకు పిలిచి శాలువాలు కప్పే కార్యక్రమం మాత్రం పెట్టకండి. శాలువా కప్పిన తరువాత ఆ సినిమాలో ఏం బాగాలేదో అడగడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాదు.