తప్పు తలుపు తట్టినావిడ గురించి మీ ప్రశ్నలు

గత నెల ఈ పేజీలో ఫ్రెంచి దర్శకుడు పత్రీస్ లెకోంత్ 2004 నాటి సినిమా ‘ఇంటిమేట్ స్ట్రేంజర్స్’ గురించి రాశాను. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో దొరికిన డిస్కు అది. ఆ సంచిక చూడనివారికి రెండు ముక్కల్లో కథ: పారిస్‌లో ఆనా అనే ఆవిడ మానసిక వైద్యుడి దగ్గరకని బయలుదేరి, పొరపాటున అదే అంతస్తులో ఉన్న పన్నుల సలహాదారు విలియం ఫాబెర్ తలుపు తడుతుంది. లోపలికి వచ్చి, కూర్చుని, తన కాపురం సంగతులు చెప్పుకుంటుంది. ఆయన ఆపడు. ఆనాగా సాంద్రీన్ బొనేర్, ఫాబెర్‌గా ఫాబ్రీస్ లుకీనీ నటించారు. ఇలాంటి సినిమా మీద ఎవరు ఉత్తరం రాస్తారని సంపాదకుడు అన్నాడు. ఆయన బల్ల మీద పడిన వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: “నేను డాక్టర్‌ను కాదమ్మా” అని మొదటి రోజే చెప్పేస్తే సరిపోయేది కదా? ఒక ఆడమనిషి కడుపులో మాటను అలా వినడం మోసం కాదా? దాన్ని మీరు మెచ్చుకుంటూ రాశారు.
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

మోసం కాదని నేను ఎక్కడా రాయలేదు, టీచర్ గారూ. కానీ అది ఎలా మొదలైందో చూడండి. ఆవిడ వచ్చింది, కూర్చుంది, భర్తతో పొసగడం లేదంది. పన్నుల మనిషికి ఇందులో వింత ఏమీ లేదు. భార్యాభర్తలు విడిపోయే మాట వస్తే ఇల్లు ఎవరి పేరున ఉంది, అప్పు మీద ఎవరి సంతకం ఉంది అన్న లెక్కలు వస్తాయి. ఆ లెక్కలకు ముందు కాస్త ఏడుపూ వస్తుంది. ఆ కాస్తా అయిపోతే కాగితాలు బయటికి తీస్తుందని ఆయన ఎదురుచూశాడు. విషయం బోధపడేసరికి ఆవిడ మళ్లీ వస్తానని చెప్పి మెట్లు దిగిపోయింది. కబురు పెడదామంటే ఆయన దగ్గర ఫోను నంబరైనా లేదు.

నా సంగతి చెబుతాను. నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గరగా, మేడ మీద నాకొక గది ఉంది. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ను కాను, రిటర్నులు నింపేవాడిని. బోర్డు మీద అదే రాయించాను. అయినా మా ఊళ్లో పన్ను కాగితం ముట్టుకున్న ప్రతివాడూ ఆడిటర్ సారే. “నేను ఆడిటర్‌ను కాను” అంటే వచ్చినవాళ్లు లేచి వెళ్లరు గాని, కుర్చీలో ఒక్కసారి ముడుచుకుపోతారు. అందుకని ఆ మాట ఎప్పుడు చెప్పాలో చూసుకుని చెబుతాను.

ఈమధ్య సాగర్ రోడ్డు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయారు. ఆయన రిటర్ను ఈవిడ వేయాలి. చనిపోయిన మనిషి తరఫున రిటర్ను వేయాలంటే ముందు పోర్టల్‌లో వారసులుగా నమోదు కావాలి. దానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇద్దరి పాన్ కార్డులూ కావాలి. అన్నీ చీరల దుకాణం సంచిలో వరసగా సర్దుకుని వచ్చింది. బ్యాంకు పుస్తకం తిరగేస్తుంటే, ప్రతి నెలా మొదటి వారంలో ఎవరికో రెండు వేలు వెళ్లినట్టు కనిపించింది. ఏ బీమా కిస్తీ అయినా అయితే మినహాయింపు వస్తుందేమోనని “ఇది ఎవరికమ్మా?” అన్నాను. ఆవిడ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చాలాసేపు మాట్లాడింది. ఆ రెండు వేల గురించి కాదు. పెళ్లయిన కొత్తలో హాలియాలో అద్దెకున్న ఇంటి గురించి, అన్నం తినేటప్పుడు రేడియో ఆపనివ్వని ఆయన పట్టుదల గురించి, దవాఖానాలో ఆఖరి రోజుల్లో ఆయన తనను వదినగా పొరబడి “మా ఆవిడకు చెప్పొద్దు” అంటూ ఏదో చెప్పబోయి ఆగిపోయిన సంగతి గురించి. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. చుట్టాల్లో ఎవరికి చెప్పినా తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. నాకు చెబితే ఫైల్లో ఉండిపోతుంది. అప్పుడు “అమ్మా, నేను పన్నులవాడిని” అని గుర్తుచేయమంటారా? ఆ రెండు వేలు ఎవరికో ఆవిడ చెప్పలేదు. రిటర్నుకు అక్కర్లేదు కాబట్టి నేను మళ్లీ అడగలేదు.

కాబట్టి మొదటి రోజు ఫాబెర్‌ను నేను తప్పు పట్టను. ఆ తరవాతి సంగతికి వస్తే మీతో ఏకీభవిస్తాను. తాను డాక్టర్‌ను కానని ఆయన చెప్పబోతాడు. వైద్యం చదవకుండానే ఈ పని చేసేవాళ్లు ఉంటారు కదా అని ఆవిడ తేలిగ్గా తీసుకుంటుంది. ఆయన ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం హాయిగా ఉంది ఆయనకు. అక్కడ మోసం ఉంది. అయితే సినిమా నడుస్తుండగానే ఆవిడకు నిజం తెలుస్తుంది, మండిపడుతుంది, వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది. ఈసారి ఎవరి దగ్గరికి వస్తోందో తెలిసే వస్తుంది. మన సినిమాల్లో ముసుగు తొలగడమంటే పతాక సన్నివేశం. ఇక్కడ ముసుగు తొలగాకే అసలు కథ మొదలవుతుంది.

ప్రశ్న: సినిమా నిడివి 104 నిమిషాలని రాశారు. నా దగ్గరున్న డిస్కులో 100 నిమిషాలే ఉంది. కోసేసిన కాపీ అంటగట్టారా?
– సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

ఒక్క ముక్కా కోయలేదు. థియేటర్లో సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. యూరప్‌లోనూ మన దేశంలోనూ టీవీలకు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు నడుస్తాయి. ఉన్న బొమ్మలనే కాస్త వేగంగా పరిగెత్తిస్తారన్నమాట. 104ను 24తో గుణించి 25తో భాగించండి, మీ 100 వచ్చేస్తుంది. ధ్వనిని సరిచేయకపోతే గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. లుకీనీ గొంతుకు అది అంతగా నప్పదు, కానీ పోల్చి చూసుకుంటే తప్ప తెలియదు. అమెరికా డిస్కులది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి కాబట్టి నిడివి తగ్గదు. అయితే వాటి మీద ప్రాంత సంఖ్య 1 ఉంటుంది. యూరప్‌ది 2, మనది 5. అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మలో ఆ అంకె వేసి ఉంటుంది. అన్ని ప్రాంతాల డిస్కులూ తీసుకునే ప్లేయర్ లేనివాళ్లు అది చూసుకుని డబ్బు ఇవ్వాలి.

ప్రశ్న: ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఏమీ జరగలేదు. నాకు నిద్ర వచ్చింది. మీకేం కనిపించింది ఇందులో?
– బియ్యం మిల్లు యజమాని, మిర్యాలగూడ

వడ్లు దిగే రోజుల్లో, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి పెట్టుకున్నట్టున్నారు. ఆ వేళకు ఏ సినిమా అయినా జోలపాటే. వీలున్న రోజు పగటిపూట మళ్లీ చూడండి. మాటలు వదిలేసి ఆవిడ బట్టలు చూడండి. మొదట్లో ఒంటిని దాచుకునే ముదురు బట్టలు, రానురాను తేలిక రంగులు, చేతులు కనిపించే దుస్తులు. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనరు. ఇక ఆయన సంగతి. ఆ ఇల్లు తండ్రిది, ఆ వృత్తి తండ్రిది, బయట కూర్చున్న కార్యదర్శి కూడా తండ్రి కాలం నాటి పెద్దావిడే. ఈయన పుట్టింది, పెరిగింది, పని చేస్తున్నది ఆ గోడల మధ్యనే. అల్మారాలో పాతకాలపు ఆటబొమ్మలు దాచుకున్నాడు. అలాంటి మనిషి ఎవరూ చూడనప్పుడు ఒంటరిగా డాన్సు చేస్తాడు. ఏమీ జరగలేదని మీరన్నది ఆ సీను దాకా వెళ్లకుండానే అని నా అనుమానం.

ఛాయాగ్రాహకుడు ఎడ్వార్డో సెర్రా. అయితే లెకోంత్‌కు కెమెరా తానే పట్టుకునే అలవాటుంది. ఆవిడ కళ్లు తిప్పుకున్నప్పుడు కెమెరా కూడా తడబడినట్టు అనిపించేది బహుశా అందుకే.

ప్రశ్న: ఆ పారిస్ పెద్దమనిషికి ఇల్లుంది, ఆఫీసుంది, గుమాస్తా ఉంది. ఆయనది ఒంటరితనం అంటే నాకు నవ్వు వచ్చింది. నేను ముంబయిలో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉండి, పోయినేడు ఊరికి తిరిగి వచ్చాను. నాకు ముందు పని చేసిన కాపలాదారు పేరుతోనే అక్కడ అందరూ నన్ను పిలిచేవారు. మొదట్లో నా పేరు చెప్పాను. ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. తరవాత ఆ పేరుకే పలికాను. ఒకసారి నా భార్య ఊరి నుంచి వచ్చి నా పేరు చెప్పి అడిగితే, అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరని గేటు దగ్గరే చెప్పి పంపించారు. ఆమె రెండు గంటలు రోడ్డు మీద కూర్చుంది. ఇది మీ సినిమాలో ఉందా?
– నారాయణపేట జిల్లా నుంచి ఒక పాఠకుడు

లేదన్నా. మీరు రాసింది ఆ సినిమాలో లేదు.

పాలమూరు నుంచి దేశమంతటికీ వెళ్లి ఆనకట్టలు కట్టినవాళ్లు, కాలువలు తవ్వినవాళ్లు ఉన్నారు. మేస్త్రీ చిట్టాలో ఎవరి పేరు ఎలా పడిందో, ఎవరి కూలి ఎవరి పేరు మీద చెల్లిందో రాయబోతే ఈ పత్రిక ఏడాదంతా చాలదు. ఇల్లూ ఆఫీసూ ఉన్నవాడి బాధకు తూకం తక్కువ వేయాలన్న మీ వాదనలో న్యాయం ఉంది. నేను కాదనను.

అయినా మీ ఉత్తరాన్ని ఆ సినిమా పక్కన పెట్టి చూశాను. ఫాబెర్‌ను ఆవిడ డాక్టరనుకుని పిలిచింది. ఆయన పలికాడు. ఎందుకు పలికాడంటే, తన సొంత పేరుతో పిలిచి రెండు మంచి మాటలు మాట్లాడేవాళ్లు ఆయనకు దాదాపు ఎవరూ లేరు. మీరు పలికింది ఉద్యోగం కోసం, ఆయన పలికింది తోడు కోసం. ఆయనది ఎప్పుడు కావాలంటే అప్పుడు విడిపించుకోగల చిక్కు. మీకు ఆ వీలు లేదు. ఆ తేడాను దర్శకుడు పట్టించుకోలేదు, అది ఆయన సినిమాకు సంబంధించిన లోకం కాదు. మన దగ్గర ఎవరైనా దీన్ని తీస్తే గేటు దగ్గర కూర్చున్న మీ భార్యతో మొదలుపెట్టాలి.

ఒక చిన్న ప్రశ్న, వీలైతే మళ్లీ రాయండి. ఊరికి వచ్చాక ఎవరైనా వెనక నుంచి ఆ పాత పేరుతో పిలిస్తే ఇప్పటికీ తిరిగి చూస్తున్నారా?

ప్రశ్న: మా అమ్మకు ఇంగ్లీషు రాదు. కింద వచ్చే అక్షరాలు చదవలేదు. ఆమెకు ఎలా చూపించాలి?
– డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

పక్కన కూర్చుని నువ్వే చెప్పు తల్లీ. గది ఒకటే, మనుషులు ఇద్దరే, కాబట్టి ఈ సినిమాకు అది తేలిక. ప్రతి మాటా చెప్పకు. అక్షరాలు నాలుగు వరసలు పోనిచ్చి, ఆపి, సారం చెప్పి, మళ్లీ నడిపించు. ఇంట్లో డిస్కు పెట్టుకుని చూసే సుఖమే అది, థియేటర్లో ఆపమంటే ఎవరు ఆపుతారు?

ఒక హెచ్చరిక. ఆనా చెప్పుకునేది పడకగది సంగతులు. కంటికి అసభ్యం ఏమీ ఉండదు, కానీ మాటలు సూటిగానే ఉంటాయి. ఆమె భర్త ఆమెను ఏం కోరుతున్నాడో నీ నోటితో అమ్మకు చెప్పాల్సి వస్తుంది. అమ్మతో ఆ చనువు ఉంటే ఫరవాలేదు. నాన్న, మేనత్త కూడా పక్కన ఉంటే వేరే సినిమా పెట్టుకో. ఇంకొకటి, చివర్లో పేర్లు పడటం మొదలవగానే లేచిపోవద్దు. ఆ పేర్ల వెనక కథ ఇంకా నడుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: (పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ఇక్కడ వేయడం లేదు. పిల్లలు దూరంగా ఉంటున్న ఒక పెద్దాయన, ఎవరితోనూ మాట్లాడకుండా రోజులు గడిచిపోతున్నాయని, నిద్ర పట్టడం లేదని రాశారు.)

అయ్యా, మీ ఉత్తరం పూర్తిగా చదివాను. నేను వినగలను, కానీ విని ఏం చేయాలో చదువుకున్నవాడిని కాను. సినిమాలో ఫాబెర్ కూడా ఏం చేయాలో తెలియక అసలు వైద్యుడి గది తలుపే తడతాడు. ఆయన శ్రద్ధగా విని, ఫీజు కూడా తీసుకుంటాడు. మీకు ఫీజు అక్కర్లేదు. 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర సంగతి ముందు చెప్పండి. ఆ తరవాత నల్లగొండ వైపు వస్తే మా గదికి రండి, టీ తాగుదాం.

ప్రశ్న: ఇలాంటివే మరికొన్ని చెప్పండి.
– అచ్చంపేట, వనపర్తి, నకిరేకల్ నుంచి పలువురు

లెకోంత్‌వే రెండు చెబుతాను. 1989 నాటి ‘మస్యూ ఇర్’లో ఒంటరి దర్జీ ఒకడు ఎదురింటి కిటికీలోని అమ్మాయిని చూస్తూ బతుకుతుంటాడు. ఆ అమ్మాయిగా నటించింది ఈ సాంద్రీన్ బొనేరే. రెండూ వరసగా చూస్తే, చూపులతో మొదలైన సంగతి పదిహేనేళ్లకు చెవుల దాకా వచ్చిందా అనిపిస్తుంది. 2002 నాటి ‘మాన్ ఆన్ ది ట్రెయిన్’లో రిటైరైన పంతులూ, బ్యాంకు దోచుకోవడానికి వచ్చిన దొంగా ఒకే ఇంట్లో ఉండి, ఒకరి బతుకు ఒకరు కోరుకుంటారు. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ 1990లో తీసిన ‘క్లోజప్’ జరిగిన కథ. ఒక పేదవాడు తాను పేరున్న దర్శకుడినని చెప్పి ఒక కుటుంబంలో చేరాడు, పట్టుబడి కోర్టులో ముద్దాయిగా నిలబడ్డాడు. ఆ మనిషే ఇందులో తన పాత్ర తానే వేశాడు. నారాయణపేట పాఠకుడికి నేను పంపాలనుకుంటున్నది ఇదే.

ప్రశ్న: మీ డిస్కు వారం రోజులు అప్పిస్తారా?
– నల్లగొండ, రామగిరి

ఇవ్వను. ఇంతకుముందు ఇచ్చిన డిస్కు మీద పిల్లలు కంపాస్ ముల్లుతో గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. ఆదివారం సాయంత్రం మా గదికే రండి, కలిసి చూద్దాం. జులై నెలలో మాత్రం రాకండి. మీ రిటర్ను కాగితాలు చేతిలో ఉంటే తప్ప.