పెరట్లో ఎయిర్ రైఫిల్, ఉక్కు పలకలు: పలక కొనేముందు వెనక అడ్డు కట్టండి

మీ ప్రశ్న ఇది: పెరట్లో ఇరవై మీటర్ల పొడవు జాగా ఉంది, చేతిలో 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది, కాగితపు టార్గెట్లతో విసుగొచ్చింది. ఉక్కు పలకలు ఎంత మందంవి కొనాలి, ఎలా వేలాడదీయాలి? నేను ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. అయితే మీరు అడిగిన వరుసలో కాక, తిరగేసి జవాబు చెబుతాను. నేనూ మీలాగే పలకతోనే మొదలుపెట్టి, వారం తిరక్కుండా దానికి ఫలితం అనుభవించాను.

ఆ రోజు చేసిన పని ఇది. పాత సామానులో దొరికిన ఒక ఇనుప పలకను గోడకు నిటారుగా ఆనించాను. ఎనిమిది మీటర్ల దూరంలో కుర్చీ వేసుకుని పేల్చడం మొదలుపెట్టాను. మొదటి మూడూ బాగానే మోగాయి. నాలుగోది మోగిన మరుక్షణం నా కళ్ళద్దం మీద టక్కుమని ఏదో తగిలింది. చూస్తే ఎయిర్ రైఫిల్ పేల్చే చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, నాణెంలా చదునై ఒళ్ళో పడి ఉంది, అద్దం మీద గీత పడింది. అవి చదువుకునే అద్దాలు, రక్షణ కోసం పెట్టుకున్నవి కావు. నాకు చత్వారం లేకపోయి ఉంటే ఈ జవాబు రాసేవాడిని కాదేమో.

పెల్లెట్ మెత్తని సీసమే. కానీ కదలని, నిటారుగా నిలబడిన పలకకు ఎదురుగా తగిలితే కొంత వేగం మిగుల్చుకుని వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. పలక మీద గుంట పడి ఉంటే మరీ ప్రమాదం, ఆ గుంట అంచులు ముక్కల్ని ఎటు విసురుతాయో చెప్పలేం. ఇందులో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. బలమైన రైఫిల్ నుంచి వచ్చిన పెల్లెట్ పలకను తాకి చితికి తునకలైపోతుంది. బలహీనమైన దాని నుంచి వచ్చినది చితక్కుండా, ముక్క కాకుండా, ఉన్నదున్నట్టు ఎగిరి వస్తుంది. ‘పిల్లల ఎయిర్ గనే కదా’ అని ధీమా పడటానికి వీల్లేదు.

కాబట్టి మొదటి ఖర్చు కంటి రక్షణకే పెట్టండి. దెబ్బ తట్టుకునే, పక్కల నుంచి కూడా కప్పే అద్దాలు కావాలి. పేల్చేవారికే కాదు, పక్కన నిలబడి చూసేవారికీ కావాలి. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ అద్దాల జోళ్ళు నాలుగు గుమ్మం దగ్గరే ఒక మేకుకు తగిలించాను. అవి పెట్టుకోనివారికి పెరట్లోకి ప్రవేశం లేదు, వచ్చింది మా బావగారైనా సరే.

రెండోది వెనక అడ్డు. నిజానికి ఇదే అసలు పని. తగిలిన పెల్లెట్ సంగతి పలక చూసుకుంటుంది, తగలని దాని సంగతి ఎవరు చూసుకోవాలి? నా రైఫిల్ వచ్చిన డబ్బా మీదే 400 గజాల దాకా ప్రమాదకరం అని అచ్చువేసి ఉంది. మీ పెరడు ఇరవై మీటర్లు. ఒక చిన్న లెక్క చూడండి: 15 మీటర్ల దూరంలోని పలకకు గురిపెట్టినప్పుడు తుపాకీ గొట్టం ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే పెల్లెట్ 26 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రైఫిల్ భుజానికి ఎత్తుకుంటుండగా వేలు పొరపాటున ట్రిగ్గర్‌కు తగిలితే తేడా ఒక డిగ్రీ కాదు, పది డిగ్రీలు కూడా కావచ్చు. అంటే రెండున్నర మీటర్లకు పైనే. పలకకు వెనకే పెట్టుకున్న చిన్న చెక్క ముక్క దేనికి పనికొస్తుంది?

నేను ఇసుక బస్తాలతో రెండు మీటర్ల వెడల్పు, మనిషెత్తు గోడ పేర్చాను, మందం రెండు బస్తాలు. ఇసుకను జల్లెడ పట్టి నింపండి, అందులో రాళ్ళుంటే పెల్లెట్ వాటిని తాకి దిక్కు మారుతుంది. ప్లాస్టిక్ గోనెలు ఎండకు ఏడాదిలోపే పొడిపొడి అయిపోతాయి, పైన పాత తివాచీ ఒకటి వేలాడదీస్తే గోనెలకు నీడ, పెల్లెట్లకు మొదటి అడ్డు రెండూ అవుతాయి. తివాచీని బిగించకూడదు, వదులుగా వేలాడాలి. అప్పుడే అది దెబ్బకు కదిలి వేగాన్ని మింగుతుంది. ఇటుక గోడ ఉంది కదా అని వదిలేయకండి, దాని పెచ్చులు, తిరిగొచ్చే పెల్లెట్లు మరో తలనొప్పి.

అంత పెద్ద గోడ కట్టినా పది డిగ్రీల పొరపాటును ఆపలేదు. అందుకే పేల్చేచోటే ఇంకో ఉపాయం చేశాను. రైఫిల్ కొనకు ఎదురుగా, ఒక కిటికీ చట్రం లాంటి చెక్క చట్రం నిలబెట్టాను. నాలుగు వైపులా మందమైన చెక్కలు, మధ్యలో రంధ్రం. ఆ రంధ్రంలోంచి బయటపడిన ఏ పెల్లెట్ అయినా బస్తాల మీదికే పోయేలా దారం లాగి కొలిచి కట్టాను. గొట్టం అటూ ఇటూ తిరిగితే పెల్లెట్ చట్రంలోనే దిగబడుతుంది. ఇది కట్టిన మొదటి వారమే నా పరువు తీసింది. గురిచూసే దుర్బిణి, అదే స్కోపులో ఉక్కు పలక నిండుగా కనిపిస్తోంది, పేల్చాను, పలక మోగలేదు, ముఖం ముందే చెక్కపేళ్ళు లేచాయి. స్కోపు తుపాకీ గొట్టానికి ఐదు సెంటీమీటర్లు పైన ఉంటుంది. అది చట్రం కింది చెక్క మీదుగా హాయిగా చూస్తోంది, గొట్టం మాత్రం సరిగ్గా ఆ చెక్కకే గురిపెట్టి ఉంది. ఆ రంధ్రం ఇప్పటికీ పూడ్చలేదు, కొత్తవారికి చూపించడానికి ఉంచాను.

ఇక మీరు అడిగిన పలక. ఎయిర్ రైఫిల్ వరకు మామూలు మైల్డ్ స్టీలు చాలు. నావి నాలుగు మిల్లీమీటర్లవి. నా రైఫిల్ శక్తి 16 జౌల్స్ లోపే, ఇన్నేళ్ళలో పలకల మీద గుంటలు పడలేదు. చదరాలకన్నా గుండ్రని బిళ్ళలు మేలు, మూలలుండవు. అంచులు ఆకురాయితో నున్నగా చేయించండి. గాల్వనైజ్డ్, అంటే జింకు పూత ఉన్న రేకు తెచ్చి వెల్డింగు చేయించకండి, జింకు పొగ ఊపిరితిత్తులకు చెడ్డది.

మందంకన్నా ముఖ్యం వాలు. పలక పైఅంచు మీ వైపుకు వాలి, ముఖం నేలను చూడాలి. ఇరవై డిగ్రీల వాలు ఉంటే చాలు, చితికిన సీసం ఎక్కువగా నేల వైపుకే పోతుంది. దీనికి ప్రత్యేకమైన స్టాండు ఏమీ అక్కర్లేదు. పలక పైభాగంలో రంధ్రం చేసి పొడవైన బోల్టు వేయండి. వేలాడదీసే రబ్బరు పట్టీని పలకకు అంటించి కాకుండా, వెనక మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంలో నట్లు బిగించి పట్టండి. పలక బరువు పట్టీకి ముందు పడుతుంది కాబట్టి అది తనంతట తానే ముందుకు వాలి నిలుస్తుంది. ఇరవై సెంటీమీటర్ల బిళ్ళకు ఆ ఎడం సరిపోయింది. బోల్టు తల గుండ్రంగా ఉండాలి, షట్కోణపు తల అంచుకు తగిలిన పెల్లెట్ ఎటుపోతుందో ఆ దేవుడికే తెలియాలి. గొలుసుకన్నా పట్టీనే నమ్ముతాను. గొలుసు కడియాలకూ అంచులున్నాయి, పైగా తుప్పు.

ఊగే పలక దెబ్బకు వెనక్కి జరిగి కొంత శక్తిని తనలో కలుపుకుంటుంది. నా కళ్ళద్దం కథకు సగం కారణం గోడకు ఆనించి కదలకుండా పెట్టడమే.

చితికిన సీసం పలక ముఖానికి దాదాపు సమాంతరంగా, చుట్టూ విసనకర్రలా చిమ్ముతుంది. పలకకు పక్కనే ఉన్న కర్రస్తంభం మీద కొన్నాళ్ళకు వరుసగా బూడిదరంగు చారలు కనిపించాయి, అప్పుడర్థమైంది. అందుకే పలకలను ఒకదాని పక్కన ఒకటి అంటీ అంటనట్టు పెట్టకండి, వాటి పక్కన పూలకుండీలూ నీళ్ళ పైపులూ పెట్టకండి. మనుషుల సంగతి వేరే చెప్పాలా? పది మీటర్లకన్నా దగ్గరగా నేను పేల్చను.

ఏ పెల్లెట్ వాడాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ రాజీ లేదు. ఉక్కు పలక మీద మెత్తని సీసం పెల్లెట్లే పేల్చాలి. బీబీలని అమ్మే గుండ్రని ఉక్కు గుళ్ళు ఉక్కుకు తగిలితే చితకవు, బంతిలా తిరిగి వస్తాయి. సీసం లేని మిశ్రలోహపు పెల్లెట్లు కూడా సాధారణంగా గట్టివే, అవి కాగితానికి సరి. ఇంకో మాట, ఇదంతా ఎయిర్ రైఫిల్ గురించే. తూటాలు పేల్చే తుపాకులకు ఈ కొలతలేవీ వర్తించవు. వాటికి ఏఆర్500 వంటి గట్టిపరచిన ఉక్కు కావాలి, మైల్డ్ స్టీలు గుంటలు పడి ప్రాణం మీదికి తెస్తుంది. పిస్తోలుకే కనీసం పది మీటర్లు, రైఫిల్‌కు వంద దాకా దూరం పాటిస్తారు. అది పెరటి వ్యవహారం కాదు.

సీసం విషమన్న సంగతికి నేను ఆలస్యంగా మేల్కొన్నాను. ఒక్కో పెల్లెట్ దాదాపు అర గ్రాము. వెయ్యి పేలిస్తే అర కిలో సీసం మీ నేల మీద ఉన్నట్టు. పలకల కింద పాత రేకు పళ్ళెం పెట్టి పోగుచేస్తాను, తడిపి తుడుస్తాను తప్ప పొడి చీపురుతో ఊడ్వను, ధూళి లేస్తుంది. ఆ చుట్టుపక్కల ఆకుకూరలు వేయడం మానేశాం. పేల్చేటప్పుడు తినడం తాగడం ఉండదు, ముగిశాక సబ్బుతో చేతులు కడిగాకే మరో పని. పోగైన సీసాన్ని ఇంట్లో కరిగించాలన్న సరదా కొందరికి పుడుతుంది. వద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

చప్పుడు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పలక వెనక పాత ట్యూబు ముక్క అంటిస్తే గంట మోత తగ్గి ‘టప్’ అంటుంది, మనకు వినపడుతుంది, పక్కింటికి కాదు. మొదలుపెట్టే ముందు పక్కింటివాళ్ళను పిలిచి వెనక అడ్డు చూపించాను, ఆ తర్వాత పేచీ రాలేదు. పేల్చే చోటికీ పలకలకూ మధ్యలోకి తెరుచుకునే తలుపు ఏదీ ఉండకూడదు. మాకు ఒకటుంటే దానికి లోపలి నుంచి కాక బయటి నుంచి గడియ పెట్టించాను. మీరుండే చోట ఎయిర్ రైఫిల్‌కు శక్తి పరిమితి ఎంత, ఇంటి ఆవరణలో పేల్చవచ్చా లేదా అన్నది బస్తాలు మోయకముందే పోలీసు స్టేషనులో కనుక్కోండి.

కాగితం విసుగన్నారు. ఉక్కు పలకతో ఒక మోసం ఉంది: అది తగిలిందా లేదా అనే చెబుతుంది, ఎక్కడ తగిలిందో చెప్పదు. పెద్ద పలక పెట్టుకుని ప్రతిసారీ మోగుతుంటే చేయి చెడిపోతున్నా తెలియదు. నేను రెండు నెలలు అలా మోగించుకుని మురిసి, ఒకరోజు కాగితం పెట్టి చూస్తే నా దెబ్బల గుంపు కుడివైపుకు జారి, అరచేయంత వెడల్పైంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క, మొత్తం వలయాలన్నీ కలిపి 45.5 మిల్లీమీటర్లు. దాని ముందు మన ఇరవై సెంటీమీటర్ల బిళ్ళ తలుపంత పెద్దది. పలకలకు తెల్లరంగు చల్లి పెట్టండి, ప్రతి దెబ్బా నల్లమచ్చగా కనిపిస్తుంది, ఐదు పేల్చాక మళ్ళీ చల్లండి. వారానికొకసారి కాగితం మాత్రం తప్పదు.

చేయి కుదిరాక పలకలు చిన్నవి చేయండి. నాకు నచ్చిన కొలత బయాథ్లాన్‌ది, అంటే మంచు మీద స్కీయింగు చేస్తూ మధ్యమధ్య ఆగి రైఫిల్ పేల్చే పోటీది. అక్కడ 50 మీటర్ల దూరంలో ఐదు టార్గెట్లు. పడుకుని పేల్చేటప్పుడు 45 మిల్లీమీటర్ల వెడల్పు, నిలబడి పేల్చేటప్పుడు 115. దాన్ని 15 మీటర్లకు కుదిస్తే పదమూడున్నర, ముప్పైనాలుగున్నర మిల్లీమీటర్లు వస్తాయి. వెల్డింగు షాపులో ఆ రెండు సైజుల్లో ఐదేసి బిళ్ళలు కోయించి, తగిలితే వెనక్కి పడేలా కీళ్ళ మీద నిలబెట్టాను. పడినవాటిని లేపడానికి ఒక తాడు. మాటిమాటికీ ముందుకు నడిచే పని తప్పుతుంది, మనిషి ముందుకు వెళ్ళే సందర్భం తగ్గడమే ఒక రక్షణ. రైఫిల్‌ను ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, ఇంటి చుట్టూ రెండు చుట్లు పరుగెత్తి వచ్చి, గుండె దడదడలాడుతుండగా నిలబడి ఐదు పేల్చాలి. విసుగన్న మాట మళ్ళీ అనరు. ఆరేళ్ళలో నేను అలా ఐదుకు ఐదు పడగొట్టింది రెండేసార్లు, అందులో ఒకటి ఎవరూ చూడలేదు.