డిక్కీలో ఇటుకరాయి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ కారుకు హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా పట్టడం లేదట, డిక్కీలో ఇటుకరాయి వేసుకుని తిరుగుతున్నావట, ఎక్కడ ఆపినా ముందు ఆ రాయి దింపుతున్నావట. నవ్వాను గానీ, నా సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఇదివరకు నాది కూడా వెనకాల డిస్కులున్న కారే. హ్యాండ్‌బ్రేక్ వదులైందని సీట్ల మధ్య లివర్ దగ్గరున్న కేబుల్ నట్టు నేనే బిగించేశాను. కొన్నాళ్లు భేషుగ్గా పట్టింది. ఓ రోజు నరసాపురం వెళ్దామని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం, అదే బండ్లను గోదారి దాటించే పడవ కోసం ఆగాం. మాకు ముందు ఒక్క వ్యాను, దాని ముందు గోదారి. లివర్ పైదాకా లాగి టీ కోసం దిగాను. మీ అత్త లోపలే ఉంది. నాలుగడుగులు వేశానో లేదో కారు మెల్లిగా కదిలింది. పక్కన కొబ్బరికాయల ఆటో అతను ఒలవని కాయలు రెండు టైరు కిందకి తోసి ఆపాడు. మీ అత్త ఈ రోజుకీ నేను కారాపితే “కాయలు తెచ్చారా?” అంటుంది.

కాబట్టి ముందే చెప్తున్నా, ఆ నట్టు జోలికి చివర్లో వెళ్లు. పని చక్రం దగ్గర మొదలుపెట్టాలి.

వెనక డిస్కులున్న చాలా కార్లలో కాలిపర్ మీద, అంటే ప్యాడ్లతో డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టే భాగం మీద, చిన్న లివర్ ఒకటి ఉంటుంది. కేబుల్ లాగేది దాన్నే. హ్యాండ్‌బ్రేక్ దించగానే అది పూర్తిగా వెనక్కొచ్చి తన చోట ఆనుకోవాలి. అలా ఆనుకుంటేనే ప్యాడ్ అరిగిన మేరకు లోపలి స్క్రూ తనంతట తను సర్దుకుంటుంది. కేబుల్ బిగించేశావనుకో, ఆ లివర్ సగంలోనే వేలాడుతుంది, లోపలి సర్దుబాటు ఆగిపోతుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పట్టు సడలుతుంది, మనం ఇంకో రెండు చుట్లు బిగిస్తాం. నేను చేసింది అదే.

మన వైపు ఈ కాలిపర్ లివర్ కదలకుండా బిగుసుకుపోవడానికి ఇంకో కారణం ఉంది. కోనసీమలో నేలంతా అరచెయ్యే కదా. ఎత్తంటే ఏటిగట్టు, కాలవ వంతెన, రేవు. అందుకని జనం హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోకుండా గేర్లో పెట్టి దిగిపోతారు. కదలని లివరుకు సముద్రపు ఉప్పుగాలి తగిలి తుప్పు పడుతుంది. వరద నీళ్లలో దిగిన బండైతే కేబుల్ తొడుగులోకి ఒండ్రు కూడా దూరుతుంది. నీ కారు 2022 జులై వరదప్పుడు ఎక్కడుందో పాత ఓనర్ని అడుగు.

ఇక పని. సిమెంటు గచ్చు మీద పెట్టుకో. మట్టినేల అయితే జాకీ కింద వెడల్పాటి చెక్క వెయ్యి, మన నేల జాకీని మింగేస్తుంది. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, కారు మొదటి గేర్లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించు. వెనక చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. ఉత్త జాకీని నమ్మి కిందకి దూరకు.

ఇంకొకర్ని లోపల హ్యాండ్‌బ్రేక్ లాగి వదలమని, నువ్వు కాలిపర్ లివర్ని చూడు. వదిలాక టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, సగంలో ఆగినా కేబుల్ ఊడదీసి చేత్తో ఆడించు. చేత్తోనూ బిగుతుగా ఉంటే కాలిపర్‌ది తప్పు, ఫ్రీగా ఆడితే కేబుల్‌ది. కేబుల్ అయితే మార్చెయ్యి, అందులో నూనె పోసి నెల్లాళ్లు గడపడం దండగ. కాలిపర్ లివర్ తుప్పు స్ప్రేతో వదిలినా, దాని రబ్బరు చిరిగితే మళ్లీ పట్టేస్తుంది. కాలిపర్ రిపేరు చేయించడమో కొత్తది వేయడమో తప్పదు.

ప్యాడ్లు కూడా అయిపోయి ఉంటే ఒక్క మాట. ముందు చక్రాల కాలిపర్లలాగా, ప్యాడ్‌ని నెట్టే ఈ పిస్టన్‌ని క్లాంపు పెట్టి నొక్కెయ్యకు, లోపల స్క్రూ పాడవుతుంది. నొక్కుతూ తిప్పాలి, దానికి వేరే పనిముట్టుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి పొంగకుండా చూసుకో, పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యి. కాలిపర్ జరిగే పిన్నులకు మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బ్రేకుల గ్రీజే రాయి.

అన్నీ బిగించాక, గేరు న్యూట్రల్లోకి తెచ్చి ఇంజన్ స్టార్ట్ చేసి కాలిబ్రేకు పాతికసార్లు తొక్కు. కొన్నిట్లో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలితేనే సర్దుకుంటుంది, అదీ చెయ్యి. ఇప్పుడు ఆ నట్టు. కాలిపర్ లివర్లు రెండూ ఆనుకునే ఉండాలి, కేబుల్లో వదులు మాత్రం పోవాలి, అంతే. తర్వాత ఒక్కో క్లిక్కూ లాగుతూ చక్రాలు చేత్తో తిప్పు. రెండూ ఒకే క్లిక్కు దగ్గర బిగియాలి. ఎన్ని క్లిక్కులో కారు పుస్తకంలో ఉంటుంది.

నీ కారు డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము ఉన్న రకమైతే ఈ కాలిపర్ పనేదీ అక్కర్లేదు. డ్రమ్ముని లోపలినుంచి అదిమే షూలు చూసి, పళ్లచక్రం తిప్పి సర్దడమే.

కాలిపర్ రకమైతే బాగుచేశాక కూడా మీ నాన్న పాత కారు డ్రమ్ముల్లా ఉడుంపట్టు పట్టదు. డ్రమ్ములో చక్రం తిరగబోయే ఊపే షూని ఇంకా అదుముతుంది, డిస్కుకు ఆ సాయం లేదు. పైగా డిస్కు వేడిమీదున్నప్పుడు లాగితే చల్లారాక పట్టు కాస్త తగ్గుతుంది. రేవులో, గట్టు మీద ఆపితే గేర్లో కూడా పెట్టు.

పిస్టన్ తిప్పే పనిముట్టు నా దగ్గరుంది, కొనకు. ఆదివారం పొద్దున్నే రా, ఎండెక్కకముందే చేసేద్దాం. వచ్చేటప్పుడు ఆ ఇటుక కూడా తీసుకురా, మీ అత్త తులసికోట దగ్గర ఒకటి ఊడింది.

మీ మావయ్య