సంఘం పెట్టబోతున్న యువ చిత్రకారిణికి

చిరంజీవికి ఆశీస్సులు.

కళాశాల చదువు ముగించిన తోటి చిత్రకారులతో కలిసి ఒక సంఘం పెట్టాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. అయితే అమ్మా, పేరు, లోగో, ప్రారంభోత్సవం, ముఖ్య అతిథి అంటూ మొదలుపెట్టవద్దు. ముందు ఒకరి బొమ్మలు ఒకరు చూడటానికి కూర్చోండి.

నెలకు రెండు ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో, పగటి వెలుతురు ఉండగానే, పూర్తికాని బొమ్మలను గోడకు ఆనించి, గీసినవారు కాసేపు నోరు విప్పకుండా, చూసేవారు తమకు కనిపిస్తున్నదేమిటో మాత్రమే చెప్పాలని నియమం పెట్టుకోండి. "బాగుంది" అనే మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "ఎడమ పక్కనున్న నీలం ముందుకు తోసుకొస్తున్నది, మనిషి వెనక్కి పోతున్నాడు" అని ఎవరైనా అంటే గీసినవారు ఆ రాత్రికే మళ్లీ కుంచె పడతారు. ఎనిమిది మందికి మించితే ఇంత శ్రద్ధగా చూడటం సాధ్యం కాదు.

స్నేహాలు చెడేది సాధారణంగా డబ్బు దగ్గరే. హాలు అద్దె, ఫ్రేములు, రవాణా ఎవరి వాటా ఎంతో, బొమ్మ అమ్ముడైతే సంఘానికి ఎంత ఇవ్వాలో ప్రదర్శనకు ముందే కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయండి. జమాఖర్చుల పుస్తకం ఎవరు అడిగినా చూపించేలా ఉండాలి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వాన మద్రాసు శివార్లలో చోళమండలం కళాగ్రామాన్ని నెలకొల్పినవారు బాటిక్ (బట్ట మీద మైనం పూసి వేసే రంగుల అద్దకం) వంటి చేతిపనులు అమ్మగా వచ్చిన డబ్బుతో స్థలం కొన్నారు. మీరూ గ్రీటింగు కార్డులో, పిల్లలకు వేసవి తరగతులో పెట్టి ఉమ్మడి నిధి కూడబెట్టుకుంటే, కొనేవాడి అభిరుచికి తలొగ్గి గీయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

రిజిస్ట్రేషనుకు తొందరేమీ లేదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడాది పాటు కలిసి పనిచేశాక కూడా మిగిలినవారితోనే ఆ పని పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం మొదటి రోజు నుంచే చేయాలి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో ఇరవై ఎనిమిదో ఏటనే కన్నుమూసినా, ఆయన చిత్రాలను ఈనాటికీ అక్కడి గ్యాలరీలో చూడగలుగుతున్నామంటే అందుకు వరదా వెంకటరత్నం వంటి సహచరుల శ్రద్ధే కారణం. కాబట్టి ప్రతి సభ్యుడి ప్రతి బొమ్మకూ ఫోటో తీసి, కొలతలు, తేదీ, కొన్నవారి పేరు ఒకే రిజిస్టరులో ఎక్కించండి. ఆ బాధ్యతను ఏటా ఒకరికి అప్పగించండి.