కొత్త చైను వేశాక మోత వస్తుంటే

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

చైను, వెనక క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల కట్ట), గేరు వైరు మూడూ ఒకేసారి మార్పించావనీ, అప్పటి నుంచి సైకిల్ ఒకటే గోల పెడుతోందనీ రాశావు. డీరైలర్ (చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) కూడా పోయింది, మార్చేద్దాం అంటున్నారట షాపులో. ఆగు. ఇంకో రూపాయి పెట్టకు. సామాను మార్చిన మర్నాడే మొదలైన మోతకి కారణం చాలావరకు బిగింపులో ఉంటుంది, లేదంటే కొత్తదానికీ పాతదానికీ పొత్తు కుదరకపోవడంలో ఉంటుంది. అదేమిటో తేలకముందే మరో కొత్త భాగం తగిలిస్తే వెతకాల్సిన చోటు ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

ముందే పానా పట్టుకోవద్దు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, తెల్లవారుజామున అక్కడికి తీసుకెళ్ళి చెవి పెట్టి విను. తొక్కడం ఆపగానే మోత ఆగిపోయిందా, అది చైను, పెడల్సు, క్రాంకు (పెడల్ బిగించే చేయి), బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు) సంగతి. ఆపినా వస్తోందంటే చక్రం వైపు చూడు, బ్రేకు రాసుకుంటూ ఉండొచ్చు. (ఆపినప్పుడు వెనక చక్రం నడిమి హబ్బులోంచి వచ్చే టిక్ టిక్ మాత్రం సహజం, దాని గురించి కంగారుపడకు.) తరవాత సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కు. నిలబడితే కిర్రుమనడం పోయిందంటే అది సీటు పోస్టు, అంటే సీటు కింది గొట్టం. పాపం దాన్ని ఎవరూ అనుమానించరు, బాటమ్ బ్రాకెట్ మార్చేస్తారు.

ఇప్పుడు లెక్క. మోత పెడల్ చుట్టుకి ఒకసారి, ప్రతిసారీ అదే చోట వస్తే పెడలో, క్రాంకో, ముందు పళ్ళ చక్రమో కారణం. ముందు డీరైలర్ వైరు కొస బయటికి పొడుచుకొచ్చి క్రాంకుకి తగులుతోందేమో కూడా చూడు. అలా కాకుండా కొన్ని చుట్లకోసారి టక్కుమంటే చైనులో ఒక లింకు మీద అనుమానపడాలి. చైనుకి 114 లింకులు, ముందు పళ్ళ చక్రానికి 38 పళ్ళు అనుకో. పెడల్ ఒక చుట్టుకి 38 లింకులు కదులుతాయి, అంటే సరిగ్గా మూడు చుట్లకి చైను ఒకసారి తిరిగొస్తుంది. నీవి ఎన్నో లెక్కపెట్టుకుని, టక్కుమనే చుట్లతో సరిపోల్చు.

సరిపోతే సైకిల్ని నిలబెట్టి పెడల్ని నెమ్మదిగా వెనక్కి తిప్పు, డీరైలర్ కింది చిన్న చక్రం మీదే కళ్ళు పెట్టు. బిగుసుకున్న లింకు అక్కడ వంగదు. అది దాటేటప్పుడు డీరైలర్ చేయి చిన్నగా ఎగురుతుంది. పిన్నుతో అతికిన చోటే ఎక్కువగా ఇలా అవుతుంది. ఆ లింకుకి రెండు వైపులా చైను పట్టుకుని, బొటనవేళ్ళతో పక్కలకి రెండు మూడుసార్లు వంచితే వదులవుతుంది. పిన్ను బదులు క్విక్ లింక్ (విప్పి మళ్ళీ వేసుకోగల లింకు) వేసి ఉంటే దాన్ని చైను పై వరసలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్ మీద గట్టిగా నొక్కు, టక్కుమని కూర్చోవాలి. నీది 9 స్పీడ్, అంటే వెనక తొమ్మిది పళ్ళ చక్రాలు, కదా; లింకు మీదా చైను మీదా 9 స్పీడ్ అనే ఉందో లేదో చూడు. 9 స్పీడ్ చైను వెడల్పు సుమారు 6.6 మిల్లీమీటర్లు, 10 స్పీడ్‌ది 5.9. కలిపి వేస్తే సరిగా పనిచేయవు.

ఇంకోటి, ఇది తప్పకుండా చూడు. డీరైలర్ కేజ్‌లో (చైను దూరే చట్రంలో) రెండు చిన్న చక్రాల మధ్య చిన్న రేకు నాలుక ఉంటుంది. కొత్త చైను ఎక్కించేటప్పుడు హడావిడిలో దానికి తప్పు వైపు నుంచి దూర్చేస్తారు. గేర్లు మామూలుగానే పడతాయి, కానీ ప్రతి గేరులోనూ గరగరమంటుంది. టార్చి వేసి చూస్తే ఆ నాలుక మీద రంగు ఊడి తళతళా మెరుస్తూ కనిపిస్తుంది. కనిపిస్తే నీ జబ్బు దొరికినట్టే. లింకు విప్పి, నాలుకకి తగలకుండా చైనుని మళ్ళీ దూర్చుకో.

ఒకటి రెండు గేర్లలోనే మోత వస్తుంటే వైరు బిగువు చూసుకోవాలి. కొత్త వైరు మొదటి రోజుల్లో కాస్త సర్దుకుంటుంది, అది మామూలే. వెనక పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కడానికి చైను మొండికేస్తే, వెనక నిలబడి డీరైలర్‌లోకి వైరు దూరే చోట ఉండే బ్యారెల్ అడ్జస్టర్‌ని ఎడమకి పావు చుట్టు తిప్పు. ఎక్కిన చోట ఉండక ఇంకా పెద్దదాన్ని గోకుతుంటే కుడికి పావు చుట్టు. ప్రతి పావు చుట్టుకీ తొక్కి చూడు. ఎంత తిప్పినా నిలవకపోతే ఔటర్ (వైరు మీది తొడుగు) కొస పీకి చూడు. గేరు ఔటర్ లోపల సన్నని తీగలు పొడుగునా ఉంటాయి, బ్రేకు ఔటర్‌లో స్ప్రింగులా చుట్టి ఉంటాయి. గేరుకి బ్రేకు ఔటర్ వేస్తే అది నొక్కుకుపోతూనే ఉంటుంది, సర్దుబాటు ఎప్పటికీ కుదరదు.

క్యాసెట్‌లో చిన్న చక్రాల దగ్గర సర్దితే పెద్దవి, పెద్దవి సర్దితే చిన్నవి చెడుతున్నాయా? హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క) వంగింది. సైకిల్ కుడి వైపు ఒక్కసారి పడితే చాలు. వెనక నుంచి చూస్తే డీరైలర్ కేజ్ పళ్ళ చక్రాలతో సమాంతరంగా ఉండదు. చేత్తో వంచకు, వంపు కొలిచే గేజ్ ఉన్న షాపుకి తీసుకెళ్ళు. అన్నిటికంటే పెద్ద చక్రం మీద మాత్రమే గుర్రుమంటే డీరైలర్ పై చిన్న చక్రం దానికి రాసుకుంటోంది. కొత్త క్యాసెట్‌లో పళ్ళు ఎక్కువైతే ఇలాగే అవుతుంది. డీరైలర్ వెనక ఉండే బి స్క్రూ బిగించి మధ్యలో 5, 6 మిల్లీమీటర్ల సందు ఇవ్వు.

క్యాసెట్‌ని చేత్తో పట్టుకుని ఊపు. కదలకూడదు. దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు, చాలామంది అనుకునేదానికంటే గట్టిగానే. నీ వెనక చక్రం 11 స్పీడ్ రోడ్ హబ్బు అయితే 9 స్పీడ్ క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (పలచని రింగు) ఉండాలి. అది మర్చిపోతే ఎంత బిగించినా లోపల ఆడుతూనే ఉంటుంది.

నువ్వు నిజంగా డబ్బు పెట్టాల్సి వస్తే అది డీరైలర్‌కి కాదు, ముందు పళ్ళ చక్రానికి కావచ్చు. అది ఒక్కటీ పాతదే ఉండిపోయింది కదా. పళ్ళు సొరచేప రెక్కల్లా ఒక వైపు వంగి సూదిగా తేలితే కొత్త చైనుని పట్టుకుని వదలక మోత చేస్తాయి.

ఇక ఆయిల్. కొత్త చైనుకి కంపెనీ గ్రీజు ఉంటుంది, పైన మాత్రం గుడ్డతో తుడువు. ఇంజన్ ఆయిల్ పోయొద్దు, మీ ఊరి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. తరవాత్తరవాత సైకిల్ చైను ఆయిల్ ఒక్కో రోలర్‌కి ఒక చుక్క, కాసేపాగి మిగిలింది తుడిచెయ్యి. పెడల్స్ కిర్రుమంటే విప్పి మరలకి గ్రీజు రాయి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గుర్తుంచుకో.

ఒకసారి ఒకటే మార్చు, తొక్కి చూడు, తరవాతే రెండోది. అప్పటికీ మోత పోకపోతే వీడియో తీసి పంపు: ఒకటి వెనక నుంచి, ఒకటి చైను వైపు నుంచి. ఏ గేరులో ఉందో కూడా చెప్పు. పాత చైను షాపులోనే ఉంటే తెచ్చుకో. బాగా సాగదీసి పట్టుకుని, స్కేలు ఒక పిన్ను మధ్యలో ఆనించి 24 లింకులు కొలువు. కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే వేళ, ఎనిమిదో వంతు పెరిగితే పళ్ళు కూడా అరిగినట్టే. ఎంత వచ్చిందో రాయి, ముందు పళ్ళ చక్రం సంగతి అప్పుడు చెప్తాను.

ఇట్లు,
మావయ్య